పుట్టగొడుగు కింది ఆకుపచ్చ

పన్నెండింటికల్లా తేల్చుకోవాలి. ఇప్పుడు పదకొండు దాటి రెండు నిమిషాలు. ఈ గంట నేను అబద్ధమాడి సంపాదించుకున్నది. ఆకుపచ్చ మురిగ్గా పడుతోంది, మిషన్‌లో రబ్బరు బ్లాంకెట్లు నాలుగూ కడిగి మళ్ళీ షీటు లాగు అని కొమురెల్లితో చెప్పాను. మిషన్ నడిపే కొమురెల్లి నా మొహంలోకి చూశాడు. "రాత్రి షిఫ్టోళ్ళు కడిగే పోయిన్రు గదక్కా," అన్నాడు. అయినా కడుగు అన్నాను. "సరె, నువ్వన్నంక తప్పుతదా," అని గుడ్డ, కిరసనాయిలు డబ్బా తీసుకుని మిషన్ వెనక్కి వెళ్ళాడు. ఇరవై రెండేళ్ళుగా నేను చెప్పిన రంగుకి ఎదురు చెప్పని మనిషి. ఇవాళైనా చెప్పి ఉంటే బాగుండేది. ఇప్పుడు నా ఒళ్ళో బొమ్మల పుస్తకం తాలూకు ఇందాకటి షీటు ఉంది. ఒకవైపు ఎనిమిది బొమ్మలు, అన్నీ ఆకుపచ్చ బాపతే. పచ్చ పావురం, కంసాలి పిట్ట, రామచిలుక, తిప్పతీగ, రాయి మీద పట్టిన నాచు, ఇంకేవో ఫెర్న్ మొక్కలు, కింద మూలన ఒక పుట్టగొడుగు. ఆ పుట్టగొడుగు దగ్గరే ఆగిపోయాను. గొడుగు విచ్చుకుని పక్కకి ఒరిగితే అడుగున సన్నటి మడతలు కనిపిస్తున్నాయి. నా కంటికి తెల్లగా, కాస్త మీగడ రంగులో ఉన్నాయి. బొమ్మ కింద అచ్చులో మాత్రం, గొడుగు విచ్చుకున్నాక అడుగు మడతలు లేత ఆకుపచ్చకు తిరుగుతాయి, ఇది విషం, తినకూడదు అని ఉంది. బొమ్మ ఒకటి చెబుతోంది, అక్షరం ఒకటి చెబుతోంది. లేదా బొమ్మ కూడా ఆకుపచ్చగానే ఉందేమో, నా కంటికే కనిపించడం లేదేమో. తేల్చుకోవలసింది అదీ. మూలన పెన్సిలుతో 'తా' అని రాస్తే మూడు వేల కాపీలు నడుస్తాయి, ఆ తరువాత బ్రహ్మదేవుడొచ్చినా వెనక్కి తీసుకోలేడు. తా అంటే తారామణి. ఈ నాచారం ప్రెస్సులో రంగు చూసి ఓకే చెప్పేది నేనే, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా.

ముప్ఫై ఒక్క ఏళ్ళు అని గొప్పగా చెప్పుకోవడం సరే, నిన్నగాక మొన్న ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర స్కైవాక్ ఎక్కుతూ మెట్రో రైలు మీది నీలం గీత బూడిద రంగుగా కనిపిస్తే వానకి మాసిపోయిందనుకున్నాను. రైలు రంగు వానకి మాసిపోతుందా? కంటి డాక్టరు ఎనిమిది నెలల క్రితమే చెప్పాడు, రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదురుతున్నాయమ్మా, తెలుపు పసుపుగా కనబడుతుంది, నీలాలు తగ్గిపోతాయి, ఆపరేషన్ చిన్నదే అని. వంటపనే గదా చేస్తారు మీరు, తొందరేం లేదు అని కూడా అన్నాడు. ఆ మాటకి నాకు ఎంత కోపం వచ్చిందో. చేసేదేమిటో చెప్పలేదు నేను, చెబితే ఎక్కడో ఒకచోట పొక్కుతుందని. చెప్పకపోవడం అక్కడితో మొదలైంది. ఆపరేషన్ అంటే నెల రోజులు ఇంట్లో కూర్చోవాలి, ఆ నెలలో మా ప్రెస్సు ఓనరు గంగాధరరావు గారు రంగు కొలిచే పరికరం ఒకటి కొనేస్తారు, దానికి జీతం అక్కర్లేదు, టీ అక్కర్లేదు. అందుకని ఈ పుస్తకం అయ్యాక, ఆ మందుల అట్టడబ్బాల పని అయ్యాక, పెళ్ళి కార్డుల సీజను అయ్యాక అనుకుంటూ ఎనిమిది నెలలు నెట్టుకొచ్చాను. ఎలా నెట్టుకొచ్చానో తలుచుకుంటే సిగ్గుగానూ ఉంది, కాస్త నవ్వుగానూ ఉంది. షీటు పట్టుకుని, ఏం కొమురెల్లీ, నీలం ఎలా ఉందంటావు అని అడిగేదాన్ని, ఏదో అతనికి పరీక్ష పెట్టినట్టు. జర ఎక్కువైందక్కా అనేవాడు. మరి తెలిసి ఎందుకు ఊరుకున్నావు, తగ్గించు అని గదిమేదాన్ని. అతను తల గోక్కుని తగ్గించేవాడు. అలా ఎనిమిది నెలలు అతని కళ్ళతో నేను సంతకాలు పెట్టాను, తిట్లు మాత్రం నావి.

ఇవాళ ఆ ఎత్తు పారదు. ఎందుకంటే కొమురెల్లి చూసేది ముందుగా తీసిన నమూనా ప్రూఫుతో పోల్చి. ప్రూఫు ఎలా ఉందో షీటు అలా ఉంటే అతని లెక్కలో పని అయినట్టే, అయింది కూడా, రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయని ఇందాకే అన్నాడు. కానీ ప్రూఫూ, అచ్చు వేసే ప్లేటూ ఒకే కంప్యూటరు ఫైలు నుంచి వస్తాయి. ఫైలే తప్పైతే రెండూ కలిసే తప్పుతాయి. అసలు బొమ్మ చూస్తే తెలుస్తుంది. అది గంగాధరరావు గారి గదిలో ఇనప బీరువాలో ఉంది, తాళం ఆయన జేబులో ఉంది, ఆయన పన్నెండింటికి వస్తారు. వచ్చేది అసలు చూపించడానికి కాదు, ఓకే అయిన షీటు చూసి తరువాతి పని ఎక్కించడానికి. మందుల డబ్బాలు కాచుకుని ఉన్నాయి. ఇంకో దారి ఉంది. అచ్చులో రంగు చుక్కలు చూసే చిన్న భూతద్దం పెట్టి ఆ మడతల మీద నీలం చుక్క ఉందో లేదో చూడడం. నీలం చుక్క ఉంటే ఆకుపచ్చ ఉన్నట్టు, లేకపోతే లేనట్టు, అందులో వాదనకి తావు లేదు. ఆ అద్దం నా మెళ్ళోనే వేలాడుతోంది, మా ఆయన పోయాక తీసేసిన తాళిబొట్టు బదులు ఇంకో తాళిబొట్టులా. ఉగాది తరువాత దానిలోంచి నాకు చుక్కలు కనిపించడం మానేశాయి. మంచు పట్టిన కిటికీలోంచి చూసినట్టు అంతా ఒకటే మసక. అయినా రోజూ దాన్ని కంటికి ఆనించి, ఊఁ అంటాను. ఎవరికో ఒకరికి ఇచ్చి చూడమనాలి. చూడమంటే, నువ్వెందుకు చూడవు అంటారు. అంటే చెప్పాలి. గంట కావలసింది అందుకే, రంగు తేల్చడానికి కాదు, నోరు తెరవడానికి.

కిరసనాయిలు వాసన ఇక్కడిదాకా వస్తోంది, పక్క ఫ్యాక్టరీలో ధనియాలు వేయిస్తున్న వాసనతో కలిసి. ఈ రెండు వాసనలూ కలిస్తే నాకు ముందు ఇక్కడ రంగు చూసిన చలపతిరావు గారే గుర్తొస్తారు. ఇరవై ఆరేళ్ళ పిల్లని, గుంటూరు నుంచి వచ్చి, డ్రాయింగు పరీక్ష సర్టిఫికెట్టు పట్టుకుని గేటు దగ్గర నిలబడితే, ఏం గీస్తావమ్మా అన్నారు ఆయన. చెట్లు గీస్తానండి అన్నాను. అయితే ఆకుపచ్చ ఏ డబ్బాలో ఉందో తీసుకురా అన్నారు. వెళ్ళి ఇంకు గదంతా వెతికాను. నలుపు, నీలం, గులాబి, పసుపు. నాలుగే డబ్బాలు. అరగంట వెతికి ఏడుపు మొహంతో వస్తే ఆయన పకపకా నవ్వి, ఆకుపచ్చ డబ్బాలో ఉండదమ్మాయ్, కాగితం మీద పసుపు చుక్క పక్కన నీలం చుక్క పడితే అప్పుడు పుడుతుంది అన్నారు. అప్పట్లో ఫిల్ముల మీద బ్రష్షుతో మందు పూసి ఒక్కొక్క చుక్కని చిన్నది చేసేవాళ్ళం. ఆయన గోడ బయటికి వెళ్ళి వేపాకు రెమ్మ తెంపుకొచ్చి షీటు పక్కన పెట్టి చూసేవారు. ఎంత గొప్ప కన్నైనా సాయంత్రానికి అలిసిపోతుంది, అనుమానం వచ్చినచోట కంటిని నమ్మకు తారా, చుక్కని చూడు అనేవారు. ఆయనకీ చివర్లో చూపు తగ్గింది. కానీ ఆయన దాచుకోలేదు. ఒకరోజు పొద్దున్నే వచ్చి బల్ల మీద అద్దం తీసిపెట్టి, ఇవాళ్టి నుంచి నువ్వు చూడు, నేను పక్కన కూర్చుంటాను అన్నారు. ఎంత సులువుగా అన్నారో. అప్పుడు నాకు గొప్పగా అనిపించింది, ఆయన ఏం వదులుకున్నారో ఆలోచించను కూడా లేదు.

ఈ బొమ్మల మూట నాగోల్‌లో ఉండే నరసింహమూర్తి గారిది. బోటనీ లెక్చరరుగా రిటైరయ్యారు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద చిత్తు కాగితాల ధరకి దొరికిందట, నూరేళ్ళు పైబడిన బొమ్మలు, ఎవరో దొర గీయించుకున్నవి. గీసింది, రంగులు నింపింది ఇక్కడి మనుషులే అంటారు ఆయన, పేర్లు లేవు, వెనక్కి తిప్పితే ఒక మూలన అంకె మాత్రం ఉంటుంది. మొదటిసారి ఆయన ఆ మూట విప్పి బల్ల మీద పరిచినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పచ్చ పావురం పొట్ట మీద ఆకుపచ్చ ఎక్కడ మొదలై బూడిద రంగు ఎక్కడ ఆగిందో పట్టుకోలేకపోయాను, అప్పుడు నా కళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. చిలుక రెక్క మీద ఆకుపచ్చ ఒక్క పూత కాదు, ఎండిన పూత మీద పూత, మూడో నాలుగో. ఆ మనిషి ఎవరో, ఏ గుడ్డి వెలుతురులో కూర్చుని వేశాడో, కంటికి కనిపించిన దాన్ని కనిపించినట్టు వేశాడు. దానికి తన పేరు కూడా రాసుకోలేదు. నేనేమో ఒకరు వేసిన బొమ్మ మీద ఊరికే తా అని రాసుకుంటాను. నరసింహమూర్తి గారు ఈ పుస్తకాన్ని పల్లె బడులకి పంచాలని వేయిస్తున్నారు, తెలుగులో నాలుగేసి ముక్కలు రాసి. ఆయనకి ప్రాణమంతా ఆ రామచిలుక మీదే. చిలుక బాగా రావాలి తారామణి గారూ, పిల్లలు పేజీ తిప్పగానే ఎగిరినట్టుండాలి అని మూడుసార్లు చెప్పారు. పుట్టగొడుగు గురించి ఒక్కసారీ చెప్పలేదు. షీటులో చిలుకకి సరిగ్గా కిందే పడింది అది.

నాలుగేళ్ళ కిందట ఇదే మూటలోంచి పన్నెండు బొమ్మలు తీసుకుని ఒక విత్తనాల వ్యాపారి క్యాలెండరు వేయించాడు. జూలై పేజీ పుట్టగొడుగు. ఇదే పుట్టగొడుగు. అప్పుడు దాని కింద అక్షరం ముక్క లేదు, తారీఖులే. పాత కాగితం కదా, అంతా పసుపెక్కి, మరకలు పడి ఉంది. పాత బొమ్మ వచ్చిందంటే ముందు కాగితం తెల్లబరచడం ఇక్కడ నేను పెట్టిన పద్ధతే. కంప్యూటరు మీద కూర్చునే దీపకి నేనే నేర్పాను, ఆ పిల్ల అప్పుడే చేరింది. గొడుగు అడుగున మడతల్లో ఏదో పచ్చటి జీర కనిపిస్తోంది మేడం, ఉంచనా తీసెయ్యనా అని అడిగింది. నేను చూశాను. చూశాను కాబట్టే ఇప్పుడు ఈ బాధ. స్పష్టంగా చూశాను, లేత ఆకుపచ్చ, అంచుల్లో కాస్త ఎక్కువ. బూజు పట్టింది, మరక, తీసెయ్ అన్నాను. ఒక్క క్షణం కూడా పట్టలేదు ఆ మాట అనడానికి. పుట్టగొడుగు తెల్లగా ఉంటుందని నాకు తెలుసు కదా మరి, మార్కెట్లో డబ్బాలో కొంటాను కదా. పేరు లేని ఆ మనిషి ఎదురుగా పెట్టుకుని చూసి వేసిన రంగుని, ఎన్నడూ చూడని నేను మరక అన్నాను.

అది అక్కడితో పోయేది. మా ప్రెస్సులో ఒక అలవాటుంది, మిగిలిపోయిన షీట్లు బైండింగు వాళ్ళు ఇంటికి పట్టుకెళ్తారు. దళసరి కాగితం, రంగురంగుల బొమ్మలు, అరల్లో పరుచుకుంటారు, పొయ్యి వెనక గోడకి అంటిస్తారు. పీర్జాదిగూడలో అందరి వంటిళ్ళూ మా అచ్చుతోనే నిండి ఉంటాయి. ఆ ఏడు శ్రావణంలో బైండింగులో షీట్లు మడిచే శ్యామలమ్మ మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు తెలిసింది దవాఖానాలో ఉందని. వానలకి భగాయత్ ఖాళీ ప్లాట్లలో గడ్డి మీద పుట్టగొడుగులు మొలిస్తే సంచి నిండా తెచ్చి వండింది. తనకీ, కూతురికీ, ఎనిమిదేళ్ళ మనవరాలు హరిచందనకీ వాంతులు, విరేచనాలు. పెద్దవాళ్ళు రెండు రోజుల్లో తేరుకున్నారు. ఆ పిల్లకి మాత్రం కళ్ళు తేలవేసేదాకా వచ్చిందట. నేను పళ్ళు పట్టుకుని వెళ్ళాను, వాళ్ళు ఇంటికి వచ్చేశాక. వంటింట్లోనే కూర్చోబెట్టింది, ఉన్నది ఆ ఒక్క గదీ. పొయ్యి వెనక గోడ మీద జూలై పేజీ ఉంది. మూలన పెన్సిలుతో తా, తారీఖు. పని అయ్యాక నేను సంతకం పెట్టిన ఓకే షీటు కూడా మిగిలిన వాటిలోనే కలుస్తుంది. పిల్ల మంచం మీంచి వేలు పెట్టి చూపించింది, గిదేనమ్మమ్మా, గీ బొమ్మల ఉన్నదే మనం తెచ్చింది అని. శ్యామలమ్మ, ఊకో బిడ్డా అంది. నేను టీ తాగాను. చక్కెర ఎక్కువైంది. ఇంకు మరకని తుడిచినట్టు ఆ మధ్యాహ్నాన్ని నాలుగేళ్ళు తుడుస్తూనే ఉన్నాను. చెప్పలేదు. ఆమెకి చెప్పలేదు, గంగాధరరావు గారికి చెప్పలేదు, ఇంటికెళ్ళి మా ఆయన ఫొటోకి కూడా చెప్పలేదు.

ఫోను. గంగాధరరావు గారు. "తారామణి గారూ, అయిందాండీ? నేను హబ్సిగూడలో ఉన్నాను, ఇంకో ఇరవై నిమిషాల్లో వస్తాను." అవుతుందండి అన్నాను. "ఓకే అయిపోయిందని డబ్బాల వాళ్ళకి చెప్పేస్తున్నా మరి." ఊఁ అనబోయి ఆపుకున్నాను. చెప్పకండి అన్నాను. "అదేంటి?" వచ్చాక మాట్లాడదాం, బీరువా తాళం తీసుకుని లోపలికి రండి అన్నాను. పెట్టేశాను. చూడు, నోరు తెరవడం ఇంతే. ఇరవై నిమిషాలు. ఇన్నాళ్ళూ నేను భయపడింది కుర్చీ పోతుందని. కుర్చీ అంటే ఏముంది, ఒక ఇనప స్టూలు, దాని మీద రబ్బరు దిండు, అది కూడా చలపతిరావు గారిదే. ఆపరేషన్ చేయించుకుంటాను, చేయించుకుని మళ్ళీ వస్తాను, రానివ్వకపోతే ఇంకో ప్రెస్సు గేటు దగ్గర నిలబడతాను, గుంటూరు నుంచి వచ్చినప్పుడు నిలబడలేదా. కానీ మూడు వేల వంటిళ్ళ గోడల మీద ఇంకో తెల్ల పుట్టగొడుగుని నేను అంటించను. అది అయ్యే పని కాదు. ఒక్క బొమ్మకి ఇంత గోల ఏమిటి, కింద రాసి ఉంది కదా అంటారు. రాసింది ఎవరు చదువుతారు, వాన పడుతుంటే, ఆకలేస్తుంటే, బొమ్మ ఎదురుగా ఉంటే? బొమ్మనే చూస్తారు. పిల్లలైతే మొదట బొమ్మనే చూస్తారు. ఏడవడానికి తరువాత టైముంది, చిలకానగర్ వెళ్ళే షేర్ ఆటోలో ఏడుస్తాను, అక్కడ ఎవరూ పట్టించుకోరు.

మిషన్ కదిలింది. గాలి పీల్చే చప్పుడు, షీటు వెనక షీటు, కింద నేల సన్నగా అదురుతుంది, ఆ అదురు నా పాదాలకి ఎంత అలవాటో. కొమురెల్లి నూట పాతిక షీట్లు లాగి ఆపి, పైదొకటి తెచ్చి బల్ల మీద లైటు కింద పరిచాడు. "సూడక్కా. గిప్పుడు అద్దం లెక్క ఉన్నది," అన్నాడు. పెన్సిలు చెవి మీంచి తీసి నాకిచ్చాడు. నేను పెన్సిలు పక్కన పెట్టి మెళ్ళో దారం తీశాను. అద్దం పుట్టగొడుగు మీద పెట్టి వంగాను, చివరిసారిగా, ఏమో కనిపిస్తుందేమో అని. మసక. ఒక మీగడ రంగు మసక, అంతే. తల ఎత్తి అద్దాన్ని అతని వైపు జరిపాను.

"నువ్వు చూడు," అన్నాను.

"నేనెందుకక్కా, నువ్వు సూసినవ్ గదా."

"నాకు కనపడట్లేదు కొమురెల్లీ. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఉగాది నుంచి చుక్కలు కనపడట్లేదు నాకు."

ఆ ఎనిమిది నెలల పరీక్షలన్నీ అతని మొహంలో ఒకటొకటిగా తిరిగి రావడం మసక కళ్ళకి కూడా కనిపించింది. "మోతిబిందా," అన్నాడు శుక్లాలకి తన మాటలో, "గందుకేనా నన్ను గట్ల అడుగుడు." తిడతాడనుకున్నాను. గుడ్డతో చేతులు తుడుచుకుని వంగి అద్దానికి కన్ను ఆనించాడు. గొడుగు అడుగున చూడు, మడతల్లో, నీలం చుక్క ఉందా అని అడిగాను. కదిపి కదిపి చూశాడు. చిలుక మీద పెట్టి చూసి, మళ్ళీ కిందికి తెచ్చాడు. "సిలుకల మస్తున్నది. గీడ పసుపు సుక్క సన్నగున్నది, నల్లది జరంత ఉన్నది. నీలం ఒక్కటి గూడ లేదక్కా. కీ తెరుద్దునా?" కీ అంటే షీటు మీద పైనుంచి కిందిదాకా ఒక్కో వరుసకి ఇంకు వదిలే మర; చుక్కే లేనిచోట అది ఎంత తెరిచి ఇంకు వదిలితే ఏం లాభం, అది అతనికీ తెలుసు, నా కోసం అడిగాడు. అంటే కంటిది కాదు తప్పు. నాకు ప్రాణం లేచొచ్చింది, మరుక్షణమే కుంగిపోయింది, ఎందుకంటే తప్పు ఎక్కడుందో అప్పుడే తట్టింది.

దీపని కిందికి పిలిచాను. ఈ పుట్టగొడుగుని కొత్తగా స్కాన్ చేశావా అని అడిగాను. లేదు మేడం అంది, భయపడుతూ. "మొత్తం అరవై బొమ్మలు కదా మేడం, క్యాలెండర్‌వి పన్నెండు సర్వర్‌ల ఉన్నయి. ఫైలు పేరే 'తారా మేడం ఓకే' అని ఉన్నది. మీరు ఓకే జేసినయి మళ్ళ ఎవరు ముట్టుకుంటరు?" అవును మరి. ఎవరూ ముట్టుకోరు. నా ఓకే మీద అంత నమ్మకం ఉంది ఇక్కడ, అది ఉన్నచోట ఇంకెవరూ చూడరు, నా తప్పు నాలుగేళ్ళు భద్రంగా దాచిపెట్టి మళ్ళీ నాకే తెచ్చిచ్చారు. నీ తప్పు కాదమ్మా, నాది అన్నాను. ఆ పిల్ల నమ్మలేనట్టు చూసింది, నా నోట ఆ మాట ఎప్పుడూ వినలేదు కదా. అప్పటికే గంగాధరరావు గారు తాళంచెవి చేతిలో పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నారు.

ఆయనకి నిలబెట్టి చెప్పాను, కూర్చోబెడితే మాట మెత్తబడుతుందని. కళ్ళ సంగతి చెప్పాను. క్యాలెండరు సంగతి చెప్పాను. ఇది ఇలాగే నడపడానికి వీల్లేదండి, అసలు తీయించి మళ్ళీ స్కాన్ చేసి ప్లేట్లు మార్చాలి, నలభై నిమిషాలు పడుతుంది అన్నాను. "ఎనిమిది నెలలా అండీ," అన్నారు ఆయన, "నాకు ఒక్క మాట చెప్పలేకపోయారా?" చెప్పలేకపోయానండి, భయపడ్డాను అన్నాను. "మరి ఇప్పుడు ఓకే ఎవరు చెబుతారు?" నేనే చెబుతాను, వీళ్ళ కళ్ళతో, కాకపోతే ఈసారి వీళ్ళకి తెలిసి అన్నాను. ఆయన కాసేపు షీటు కేసి, కాసేపు నా కేసి చూసి బీరువా గదిలోకి వెళ్ళారు. కోపంగానే వెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడు అసలు బొమ్మ టిష్యూ కాగితంలో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టి, డబ్బాల వాళ్ళకి ఫోను చేసుకుంటూ బయటికి పోయారు. దీప ఆ బొమ్మ పట్టుకుని పైకి పరిగెత్తింది. పావుగంటలో స్కాన్ చేసి, తిరిగి తెచ్చి బల్ల మీద ఉంచి, ప్లేట్లు తీయడానికి మళ్ళీ పైకి పోయింది.

భోజనానికి ముందు శ్యామలమ్మ ఎప్పటిలాగే వచ్చింది, కొంగు నడుముకి దోపుకుని, మిగిలిన షీట్ల కోసం. నూట పాతిక షీట్లు అక్కడే దొంతరగా ఉన్నాయి. "మంచిగున్నయి పిట్టలు. అల్మారల ఏస్కుంట," అని వంగింది. నేను దొంతర మీద చెయ్యి పెట్టాను. ఇవి వద్దు శ్యామలమ్మా అన్నాను. "ఎందుకు తారమ్మా, పారేసేటియే గదా." దొంతర మీంచి చెయ్యి తీయలేదు. నాలుగేళ్ళ కిందట మీ పొయ్యి వెనక ఉన్న జూలై బొమ్మ గుర్తుందా, దాని మూలన పెన్సిలు గీత ఉంటుంది, అది నా సంతకం. అసలు బొమ్మలో ఆ గొడుగు అడుగు ఆకుపచ్చగా ఉంటుంది. అది విషం అని తెలిసే గుర్తు అదే. మరక అనుకుని నేనే తీయించేశాను. ఆ రోజు మీ ఇంట్లో కూర్చుని చూసి కూడా చెప్పలేదు అన్నాను. ఆమె నడుం ఎత్తి నిటారుగా నిలబడింది. కొమురెల్లి మిషన్ తుడుస్తున్నట్టు నటిస్తూ ఆగిపోయాడు.

"ఏదీ," అంది శ్యామలమ్మ. "గా పచ్చ ఎట్లుంటదో నాకు సూపియ్యి."

అసలు బొమ్మని తలుపు దగ్గరికి పట్టుకెళ్ళాం, వాన వెలుతురులోకి. ఆమె దాన్ని రెండు చేతులతో అంచులు పట్టుకుని, దగ్గరగా తెచ్చుకుని చూసింది. నాకు కనిపించని దాన్ని ఆమె చూస్తూ ఉంటే నేను ఆమె మొహం చూస్తూ నిలబడ్డాను. "గిదే," అంది. "గిన్నెల గిట్లనే ఉండె. కడుగుతుంటె కనవడ్డది. నాచు అంటుకున్నదేమో అని రెండుసార్లు కడిగిన, పోలే. గోడ మీద సూస్తె తెల్లగ ఉండె. బొమ్మ ఏసినోళ్ళకు మనకంటె ఎక్వ తెల్వదా అని పొయ్యి మీద వెట్టిన." నన్ను తిట్టలేదు, పోనీలెమ్మని కూడా అనలేదు. ఆమె తన కళ్ళతో సరిగ్గానే చూసింది. నా సంతకం ఆమె కంటిని తప్పు పట్టింది. ఏడుపు షేర్ ఆటో దాకా ఆగలేదు.

ఒంటిగంటకి కొత్త ప్లేట్లు ఎక్కాయి. ఆ నూట పాతిక షీట్లనీ కటింగు మిషన్ కింద పెట్టించి పుట్టగొడుగు మూల నరికించాను, పిట్టలు కావలసినవాళ్ళు పట్టుకెళ్ళమన్నాను. శ్యామలమ్మ అన్నానికి పోలేదు. కొమురెల్లి షీటు తెచ్చి పరిచి, చెవి మీంచి పెన్సిలు తీసి, నాకు ఇవ్వాలా వద్దా అన్నట్టు ఆగాడు. నేను స్టూలు మీంచి లేచి దాన్ని శ్యామలమ్మ వైపు జరిపాను. ఆమె మొదట కూర్చోలేదు, తరువాత కూర్చుంది. అసలు బొమ్మని షీటు పక్కన పెట్టుకుని అటూ ఇటూ చూసింది. తొందరపడలేదు.

"వచ్చింది గని, సాలదు," అంది. "ఇంక జర పచ్చ గావాలె. గింతుంటె కడిగితె పోతదనుకుంటరు."

కొమురెల్లి నా వంక చూశాడు. "గాడ నీలం పెంచితె పైనున్న సిలుక ఖరాబైతదక్కా. ఒక్కటే వరుసల ఉన్నయి రెండు. నర్సింమూర్తి సారు ఊకోడు."

"చిలుకని చూసి ఎవరూ కూర వండుకోరు," అన్నాను. "ఆమె చెప్పినంత తెరువు."